భీమిలి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎలా కూర్చోవాలి?

(ఎదురుగాలిలో మౌంటెన్ బైక్ మీద ఎలా వంగి కూర్చోవాలో, విశాఖపట్నంలో ఒక ఆదివారం రైడ్ తర్వాత తోటి సైక్లిస్టులతో మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ టిఫిన్ అయిందా? అవ్వనివాళ్లు తింటూనే వినండి, నాకేం ఇబ్బంది లేదు. ఇడ్లీ చల్లారితే మళ్లీ వేడి అవ్వదు, నా మాటలు మాత్రం రికార్డు అవుతున్నాయి.

పొద్దున భీమిలి దాకా వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. వెళ్లేటప్పుడు ఎలా ఉంది? బాగుంది. మరి వచ్చేటప్పుడు? అదిగో, ఆ నవ్వు గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఎండాకాలంలో మన దగ్గర గాలి కూడా ఎక్కువగా నైరుతి నుంచే. అంటే ఆర్కే బీచ్ నుంచి భీమిలికి వెళ్తున్నంతసేపూ గాలి మన వీపు మీద చెయ్యి వేసి తోస్తూ ఉంటుంది. మనమేం అనుకుంటాం? ‘ఇవాళ కాళ్లు భలే ఉన్నాయి’ అనుకుంటాం. అక్కడ టీ తాగి, ఫొటో దిగి, సైకిల్ ఇటు తిప్పుతాం. అప్పుడు తెలుస్తుంది, అవి మన కాళ్లు కావని.

ఇక్కడున్న సైకిళ్లు వచ్చేటప్పుడు లెక్కపెట్టాను. సగానికి పైగా మౌంటెన్ బైకులే. ముందు సస్పెన్షన్, లావు టైర్లు, బారెడు హ్యాండిల్. నాదీ అదే, దాచేదేం లేదు. కొండలెక్కుదామని కొన్నాను. రోడ్డు మీదే తొక్కుతున్నాను. మన ఊళ్లో మొదటి గేర్ సైకిల్ అంటే చాలామందికి ఇదే కదా. మరి ఈ సైకిల్ మీద గాలికి ఎలా వంగాలి? అసలు వంగడం వల్ల లాభం ఉందా? ‘సార్, మేమేమన్నా రేసర్లమా’ అని ఒక తమ్ముడు పొద్దున అడిగాడు. మంచి ప్రశ్న. నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణి, అందుకని కాస్త లెక్క చెప్తాను. భయపడకండి, బోర్డు లేదు.

నా బరువు 75 కిలోలు, సైకిల్ 15. మొత్తం 90. గుబ్బల టైర్లతో తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాననుకోండి. గాలి అసలు లేదు. టైర్లు రోడ్డుని రాసుకోవడానికి పోయేది సుమారు 60 వాట్లు. గాలిని చీల్చుకుని వెళ్లడానికి పోయేది ఇంకో 60 వాట్లు. సరిసమానం. 15 కిలోమీటర్ల వేగంలో టైర్ల ఖర్చే ఎక్కువ, గాలి 25 వాట్ల దగ్గర ఉంటుంది. అదే 30కి వెళ్లండి. టైర్లకు 90 లోపే, గాలికి 200. వేగం రెట్టింపయితే గాలి తోసే బలం నాలుగు రెట్లు, దానికి మనం పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. అందుకే గాలి మొదట్లో ఉన్నట్టే అనిపించదు, తర్వాత గోడలా నిలబడుతుంది.

‘మేం 20 దాటం కదా, మాకెందుకు’ అంటారు. ఇక్కడ ఆగండి. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. గాలికి మీ మీటరుతో పని లేదు. మీటరు 20 చూపిస్తుంది, ఎదురుగాలి 10 ఉందనుకోండి, మీ ఛాతీకి తగిలే గాలి ఎంత? 30. గాలి బలం 30 లెక్కన వస్తుంది, మీరు మాత్రం 20లోనే వెళ్తుంటారు. ఇందాక 60 అయిన గాలి ఖర్చు ఇప్పుడు 130 దాటుతుంది. టైర్లు కలుపుకుంటే 120 వాట్ల పని కాస్తా 190 అయింది. మీరు ఏ రేసులోనూ లేరు. రుషికొండ దగ్గర ఇంటికి వస్తున్నారంతే. కానీ రేసరు తినే గాలి మీరూ తింటున్నారు. అవునా, కాదా?

ఇప్పుడు మోచేతులు మడిచి, ఛాతీ దించి కూర్చున్నారనుకోండి. గాలికి మీరు ఎంత అడ్డం అన్నదాన్ని చదరపు మీటర్లలో చెప్తారు. నిటారుగా కూర్చున్న మౌంటెన్ బైక్ మనిషికి 0.6 వేసుకుందాం, వంగినవాడికి 0.45. అదే ఎదురుగాలిలో 190 వాట్ల పని 160కి దిగుతుంది. 30 వాట్లు మిగిలాయి. రూపాయి ఖర్చు లేదు.

30 వాట్లు అంటే చిన్నదే అనిపిస్తుంది. గంటసేపు తొక్కి చూడండి, అప్పుడు చెప్పండి.

మొత్తం గాలి అడ్డంలో సుమారు ముప్పావు వంతు మన ఒళ్లే. సైకిల్ వాటా పావు. అందుకే పదివేలు పెట్టి చక్రాలు మార్చేవాళ్లని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. గాలికి అడ్డంగా ఉన్నది చక్రం కాదు నాయనా, పొట్ట. నాది కూడా, నవ్వకండి.

ఇక్కడ మీకో కథ చెప్పాలి. స్కాట్లాండ్‌లో గ్రేమ్ ఓబ్రీ అని ఒకాయన ఉన్నాడు. పెద్ద టీం లేదు, డబ్బు లేదు. సొంతంగా సైకిల్ తయారు చేసుకున్నాడు. అందులో వాషింగ్ మెషిన్ బేరింగ్ కూడా వాడాడు, అది ప్రసిద్ధమైన సంగతే. ఆయన ఆలోచనంతా ఒకటే: చేతుల్ని గాలి దారిలోంచి తీసేస్తే ఏమవుతుంది? హ్యాండిల్ దగ్గరగా పెట్టి, చేతులు మడిచి ఛాతీ కింద దాచేశాడు. పక్షి రెక్కలు ముడుచుకున్నట్టు. 1993 జూలైలో నార్వేలోని హామర్ అనే ఊళ్లో గంట రికార్డుకి ప్రయత్నించాడు. గంటలో ఎంత దూరం తొక్కగలరన్నదే ఆ పోటీ. మొదటి రోజు అవ్వలేదు. మనమైతే సామాన్లు సర్దుకుని ఇంటికొచ్చేస్తాం. ఆయన ‘రేపు పొద్దున మళ్లీ చేస్తా’ అన్నాడు. ఒళ్లు పట్టేయకుండా ఏం చేశాడో తెలుసా? రాత్రి బాగా నీళ్లు తాగి పడుకున్నాడు. మాటిమాటికీ బాత్రూంకి లేవాలి కదా, లేచినప్పుడల్లా కాళ్లు చాపి సాగదీసుకునేవాడు. తెల్లారి, జూలై 17న, 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. అంతకు ముందున్నది ఇటలీ సైక్లిస్టు మోజర్ రికార్డు, 1984 నాటిది. ఓబ్రీ రికార్డు ఆరు రోజులే నిలిచింది, క్రిస్ బోర్డ్‌మన్ దాటేశాడు, అది వేరే సంగతి.

తర్వాత ఆ పొజిషన్‌ని నిషేధించారు. ఓబ్రీ ఊరుకోలేదు, ఈసారి చేతులు ముందుకు బారజాపే పద్ధతి కనిపెట్టాడు, సూపర్‌మ్యాన్ అన్నారు దాన్ని. కొన్నాళ్లకి అదీ నిషేధమే. మౌంటెన్ బైక్ వాళ్లకి ఈ కథ ఎందుకు చెప్తున్నాను? కాళ్ల బలం అందరూ పెంచుకుంటారు, ఆయన చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. ఇప్పుడు మీ హ్యాండిల్ చూసుకోండి. రోడ్డు సైకిల్ హ్యాండిల్ 40, 44 సెంటీమీటర్లు ఉంటుంది. మన మౌంటెన్ బైక్‌ది 72, కొన్నిటికి 78. రాళ్ల దారిలో చక్రం పక్కకి కొట్టకుండా పట్టుకోవడానికి ఆ వెడల్పు కావాలి. కానీ బీచ్ రోడ్డు మీద? ఎవరో దూరం చుట్టం వస్తే కౌగిలించుకోవడానికి చేతులు చాపినట్టు గాలికి ఎదురెళ్తున్నాం.

అలాగని మౌంటెన్ బైక్ వాళ్లకి ఈ ఆలోచన రాలేదనుకోకండి. 1990లో అమెరికాలో జాన్ టోమాక్ రోడ్డు సైకిళ్లకుండే వంపు హ్యాండిల్‌నే, డ్రాప్ బార్‌నే, మౌంటెన్ బైక్‌కి బిగించి రేసులు ఆడాడు. ఆయన రోడ్డు రేసులు కూడా ఆడేవాడు, రెండిట్లోనూ ఒకేలా కూర్చోవాలనుకున్నాడు. అప్పట్లో వింతగా చూశారు. ఇప్పుడు అమెరికాలో దూరం మట్టిదారి రేసుల్లో అదే మళ్లీ వచ్చింది. నేనైతే మీకు డ్రాప్ బార్ పెట్టుకోమని చెప్పను. బ్రేకులు, గేర్ల లివర్లు అన్నీ మార్చాలి, సైకిల్ ధర అంత అవుతుంది.

సరే, మరి మనం చేసేదేమిటి? అందరూ కుర్చీ అంచుకి జరగండి. తింటున్నవాళ్లు ప్లేటు కింద పెట్టండి, ఒక్క నిమిషం. ఇప్పుడు ముందుకు వంగండి. చూడండి, తొంభై శాతం మంది ఎలా వంగారు? వీపు గూనిలా చేసి, మెడ పైకెత్తి. అలా పది నిమిషాలు ఉండగలరా? ఉండలేరు. మళ్లీ కూర్చోండి. ఈసారి నడుము కాదు, తుంటి దగ్గర మడవండి. పీట మీద కూర్చుని ముగ్గు వేసేటప్పుడు ఎలా వంగుతారో అలా. అమ్మా, మీరు సరిగ్గా చేశారు, చూడండి అందరూ. వీపు బల్లలా ఉంది. ఇప్పుడు చేతులు ఎదర హ్యాండిల్ ఉన్నట్టు పెట్టి, మోచేతులు మడవండి. మోచేతులు పక్కలకి రెక్కల్లా పోకూడదు, పక్కటెముకల వైపు రావాలి. చివరిది తల. తలని భుజాల మధ్యకి దించండి, తాబేలు లోపలికి లాక్కున్నట్టు. కళ్లు మాత్రం రోడ్డు మీదే. పాదాల వైపు చూస్తూ తొక్కేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

మీ వేళ్లు ఎక్కడున్నాయి? గ్రిప్పుల మీదే. బ్రేక్ ఎక్కడుంది? చూపుడువేలి కిందే. అందుకే ఈ పొజిషన్ అంటే నాకిష్టం. సైకిల్ మీద ఏమీ మార్చలేదు, బ్రేక్ వదల్లేదు. ఈ ఒక్కటి వస్తే మిగతావన్నీ అదనం.

పొట్ట తొడలకి తగులుతోందా? తగిలితే అంతవరకే వంగండి. మోకాలు పైకొచ్చినప్పుడల్లా పొట్టని గుద్దుతుంటే ఊపిరి ఆడదు. ఊపిరి ఆడకపోతే గాలి దగ్గర మిగిల్చిన 30 వాట్లు ఊపిరితిత్తుల దగ్గర పోతాయి. మూడు నిమిషాలు బాగా వంగి, పది నిమిషాలు నడుం పట్టుకుని నిటారుగా కూర్చునే బదులు, కాస్త తక్కువ వంగి అరగంట అలాగే ఉండగలిగితే అదే లాభం. నేను వారం వారం కొంచెం కొంచెం పెంచుకున్నాను. మొదట ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

చేతులు లోపలికి, హ్యాండిల్‌ని సైకిల్‌కి బిగించి ఉంచే స్టెమ్ దగ్గరికి జరిపి పట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. ఇరుగ్గా అవుతాం, నిజమే. గాలి తగ్గుతుంది, అదీ నిజమే. కానీ బ్రేక్ జానెడు దూరంలో ఉండిపోయింది. లోపలి వైపు బిగించుకునే చిన్న కొమ్ములు దొరుకుతాయి, వాటిని పట్టుకుంటే చెయ్యి జారదు, కానీ బ్రేక్ సంగతి అదే. ఖాళీ రోడ్డు, ఎదర ఎవరూ లేరు, వెనక మీ గుంపు లేదు, అప్పుడు పట్టుకోండి. ఈత, సైకిల్, పరుగు కలిపి ఆడే ట్రయథ్లాన్ వాళ్లలా, ముంజేతులు ఆనించి ముందుకు చాపి పట్టుకునే పొడుగు ఏరో బార్లు బిగించుకోవచ్చా అని అడుగుతారు. ఉత్తర అమెరికాలో టూర్ డివైడ్ అని కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా 4 వేల కిలోమీటర్లకు పైగా తొక్కే దారి ఉంది, అక్కడ మౌంటెన్ బైక్‌ల మీద అవి మామూలే. చాలాచోట్ల గంటల తరబడి మనిషి కనబడని దారి అది. మన బీచ్ రోడ్డు మీద ఆదివారం పొద్దున కుక్కలు, పిల్లలు, ఐస్‌క్రీం బండి, ఫొటోల కోసం రోడ్డు మధ్యలో నిలబడే కొత్త జంటలు. నేనైతే వద్దంటాను. గుంపులో ఉన్నప్పుడు అసలే వద్దు.

ఇక ముంజేతులు హ్యాండిల్ మీద ఆనించి, చేతులు గాల్లో వేలాడదీసి తొక్కడం. టీవీలో చూసి మనవాళ్లు చాలామంది చేస్తున్నారు. ఇందులో నాకు అనుభవం ఉంది. నాలుగేళ్ల కిందట, ఇలాగే భీమిలి నుంచి వస్తున్నాను. ఎదురుగాలి. ముంజేతులు ఆనించాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో. మీటరులో రెండు కిలోమీటర్లు పెరిగింది కూడా. దిగుడులో కూడా అలాగే ఉన్నాను. రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్ ఒకటి, రోడ్డు రంగులోనే కలిసిపోయింది. ముందు చక్రం ఎక్కింది, సస్పెన్షన్ దిగి లేచింది, నా చేతులు హ్యాండిల్ మీద నుంచి జారిపోయాయి. తర్వాత నాకు గుర్తున్నది నా సైకిల్ వెనక చక్రం నా కళ్ల ముందు తిరుగుతూ ఉండటమే. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. మా ఆవిడ సైకిల్‌ని బాల్కనీలో మూలకి పెట్టి దాని మీద తువ్వాళ్లు ఆరేసింది. తప్పు ఎవరిదని అడక్కండి, నాదే. చేతులు గ్రిప్పుల మీద ఉంటే ఆ స్పీడ్ బ్రేకర్‌కి ఒక కుదుపు, ఒక తిట్టు, అంతే.

రేసుల్లో కూడా ఇదే గొడవ. దిగుడులో సీటు దిగి, సీటుకీ హ్యాండిల్‌కీ మధ్యనున్న ముందు గొట్టం మీద కూర్చుని వంగేవాళ్లు. స్లొవేనియాకి చెందిన మొహోరిచ్ దాన్ని బాగా పైకి తెచ్చాడు. 2016 టూర్ ద ఫ్రాన్స్‌లో క్రిస్ ఫ్రూమ్ పెయిరసూర్డ్ అనే కొండ దారి దిగుడులో అలా కూర్చుని తొక్కుతూ వెళ్లి ఆ రోజు స్టేజి గెలిచాడు. దాంతో ఊరూరా మొదలైంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ అనే ప్రొఫెసర్ రకరకాల దిగుడు పొజిషన్లని పోల్చి చూస్తే, ఫ్రూమ్ కూర్చున్న తీరు వాటన్నిటిలో వేగమైనది కాదని తేలింది. అంత ప్రాణాల మీదికి తెచ్చుకుని! చివరికి 2021 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఆ గొట్టం మీద కూర్చోవడం, ముంజేతులు ఆనించడం రెండూ నిషేధించింది. వాళ్లకి దారంతా మూసేసి ఇస్తారు. మనకి ఎదురుగా ఆటో వస్తుంది. పైగా మౌంటెన్ బైక్ ముందు గొట్టం చాలా కిందకి వాలి ఉంటుంది, సస్పెన్షన్ ఊగుతుంటుంది. దాని మీద ఆ విన్యాసం ఊహించుకోవడానికే టెన్షన్.

వేగం అంటే ఎంతవరకు వెళ్తుందో చూడాలంటే ఫ్రాన్స్‌లో ఎరిక్ బరోన్ ఉన్నాడు. 2017 మార్చిలో వార్స్ అనే చోట మంచు కొండ మీద మౌంటెన్ బైక్‌తో గంటకు 227.72 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఒళ్లంతా బిగుతైన ఎర్ర సూటు, ప్రత్యేకమైన హెల్మెట్, సైకిల్‌కి కూడా గాలి కోసం తొడుగులు. ఆయనే అంతకు చాలా ముందు, 2002లో, నికరాగువాలో సెరో నెగ్రో అనే అగ్నిపర్వతం మీద కంకరలో 172 దాకా వెళ్లి, సైకిల్ విరిగి పడిపోయాడు. బతికాడు. మళ్లీ ఎక్కాడు! మనుషులు అలాగే ఉంటారు.

సరే, వెనక్కొద్దాం. దిగుడులో మనమేం చెయ్యాలి? తారు రోడ్డు, నునుపు, ముందు బాగా కనబడుతోంది. తొక్కడం ఆపండి. పెడళ్లు రెండూ నేలకి సమానంగా ఉంచండి, ఒకటి పైనా ఒకటి కిందా కాదు. సీటు మీద కొంచెం వెనక్కి జరగండి, ఛాతీ దించండి, మోకాళ్లు గొట్టానికి దగ్గరగా తెండి, బ్రేక్ మీద వేలు. 4 శాతం వాలు ఉన్న దిగుడు బాగా పొడుగ్గా ఉంటే, లెక్క ప్రకారం నిటారుగా కూర్చున్నవాడు 30 దగ్గర ఆగిపోతాడు, వంగినవాడు 35 దాకా వెళ్తాడు. ఒక్కసారి కూడా తొక్కకుండా. కావాలంటే రుషికొండ దగ్గర ఏదైనా ఒక దిగుడులో, గాలి లేని పొద్దున్నే, ఒకే స్తంభం దగ్గర నుంచి వదిలి చూడండి. ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి, రెండేసి మూడేసి సార్లు. ఇంతకంటే మంచి ప్రయోగశాల నేను పనిచేసిన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఉండేది కాదు.

మట్టి దారిలో, రాళ్లలో దిగుతుంటే మాత్రం ఇదంతా మర్చిపోండి. అక్కడ సీటు మీద నుంచి లేవాలి, మోచేతులు బయటికి పోవాలి, ఒళ్లు వదులుగా ఉండాలి. గాలి లెక్కలో అది చెడ్డ పొజిషనే. కానీ అక్కడ మిమ్మల్ని పడేసేది గాలి కాదు కదా.

ఒక తమ్ముడు అడుగుతున్నాడు, టైర్లు మారిస్తే ఎంత లాభమని. నిజం చెప్పాలంటే, రోడ్డు మీదే తొక్కేవాళ్లు గుబ్బల టైర్లు తీసేసి నున్నటివి వేసి సరిగ్గా గాలి కొట్టుకుంటే, 20 వేగంలో మిగిలేది కూడా ఇంచుమించు 30 వాట్లే. వంగినదానితో సమానం. పొజిషన్ గురించి చెప్పడానికి వచ్చి టైర్ల ప్రచారం చేస్తున్నాను, ఏం చెయ్యను, లెక్క అలా ఉంది. రెండూ చెయ్యండి. ఆ వదులు టీ షర్టు కూడా మార్చండి, వెనక తెరచాపలా ఊగుతోంది. ఎదురుగాలిలో ఒకరి వెనక ఒకరు వెళ్తే ఇంకా బాగుంటుంది, వెనకవాడికి గాలి ఖర్చులో మూడో వంతు దాకా మిగులుతుంది, మూడు నిమిషాలకోసారి మారండి. ఎప్పుడూ నా వెనకే నక్కే పెద్దమనుషులు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇంక కూర్చుని చెప్పేదేం లేదు. హ్యాండిల్ కింద స్టెమ్ దగ్గర రింగుల్లా స్పేసర్లు ఉంటాయి. అందులో ఒకటి తీసి స్టెమ్ పైన పెడితే హ్యాండిల్ ఒక సెంటీమీటరు దిగుతుంది. ఇవాళ ఒక్కటే, రెండు వద్దు, నడుం ఒప్పుకోదు. బిగించే వరస గుర్తుపెట్టుకోండి: ముందు పైన ఉన్న క్యాప్ బోల్టు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ఊగడం ఆగేదాకా మాత్రమే. తర్వాత హ్యాండిల్ సూటిగా పెట్టి పక్క బోల్టులు. పక్కవి ముందు బిగిస్తే క్యాప్ ఎంత తిప్పినా దండగే. పాతకాలం సైకిళ్లకి ఒకే పొడుగు స్టెమ్ లోపలికి దిగి ఉంటుంది, అవి నాకు విడిగా చూపించండి. ఈ బోల్టులు తిప్పే ఎలెన్ కీలు తెచ్చాను, ఐదు ఎంఎం ఒకటే ఉంది, వరసలో రండి. ఫోన్ కెమెరా ఉన్నవాళ్లు గేటు దగ్గర నిలబడితే, ఒక్కొక్కరూ సైకిల్ ఎక్కి ఎదురుగా వస్తారు, ముందు నుంచి నిటారుగా ఒక ఫొటో, వంగి ఒక ఫొటో తీద్దాం. మొదట నేనే వస్తాను, పొట్ట ఎంత దాగుతుందో మీరే చూడండి.